అడగడానికి ఒక మనిషి ఉండాలి

అడగందే అమ్మైనా పెట్టదు అంటారు పెద్దవాళ్ళు. సిగ్గుపడకుండా అడగమని చెప్పడానికి ఈ సామెత వాడతారు. నాకు అందులో ఇంకో సంగతి కూడా కనబడుతుంది. అడగాలంటే ముందు ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి కదా. అమ్మ కసురుకోవచ్చు, "ఇప్పుడే కదా తిన్నావు" అనొచ్చు, అసలు పెట్టకపోవచ్చు. అయినా అమ్మ అక్కడ ఉంది, మన మాట ఆవిడ చెవిలో పడింది. అడిగినా వినేవాళ్ళే లేని చోట పనిచేసేవాళ్ళ గతి ఏమిటి? ఈ వ్యాసం దాని గురించే.

నా ప్రశ్న ఇది. ఫోన్లో వేలితో నొక్కితే పప్పు, ఉప్పు, నూనె గుమ్మంలోకి వచ్చేస్తున్న రోజులివి. మరి ఆ పప్పు తూచి, కట్టి, మోసి బతికే మనుషులకి మనం ఏమైనా బాకీ ఉన్నామా? ఉంటే ఆ బాకీ ఎలాంటిది? ఈ ప్రశ్న నాకు పాఠ్యపుస్తకంలో దొరకలేదు. మా నాన్న బరంపురంలో ఒక కిరాణా కొట్లో గుమాస్తా. మా పెద్దనాన్నగారి అబ్బాయి విశాఖపట్నంలో యాప్ సరుకులు బండి మీద ఇంటింటికీ చేరవేస్తాడు. ఇద్దరూ మా వాళ్ళే. అందుకని ఒకరి పక్షాన నిలబడి రెండోవారి పనిని తిట్టడం నా వల్ల కాదు. ఇద్దరి పనినీ పక్కపక్కన పెట్టి చూడగలను, అంతే.

ముందు కొట్టు సంగతి. అన్నపూర్ణా మార్కెట్టు, పెద్ద బజారు మన ఊరివాళ్ళకి కొత్తగా చెప్పక్కరలేదు. నాన్న పనిచేసే కొట్టు ఆ చుట్టుపక్కలే ఉంది. పొద్దున్న ఎనిమిదిన్నరకి షట్టరు ఎత్తుతారు, రాత్రి తొమ్మిది దాటాక దించుతారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి కాసేపు నడుం వాల్చి మళ్ళీ వెళ్తారు. బస్తా విప్పడం, కాటా మీద తూచడం, పొట్లం కట్టి దారం చుట్టడం, జాబితా చదివి సరుకు తీయడం, రిక్షా మీదకి ఎక్కించడం, అన్నీ ఆయన పనులే. జాబితాలు తెలుగులో వస్తాయి, ఒడియాలో వస్తాయి. చదువురాని ముసలమ్మలు నోటితోనే చెబుతారు. పసుపు అన్నా, హళది అన్నా నాన్న చెయ్యి అదే డబ్బా మీదకి పోతుంది. పెళ్ళికి ఎన్ని కేజీల కందిపప్పు పడుతుందో, ఏ కంపెనీ పిండి ఈ వానాకాలంలో పురుగు పట్టకుండా ఉంటుందో ఆయన నోటి లెక్కతోనే చెప్పేస్తారు. ఏ చదువూ ఆయనకి అది నేర్పలేదు. ఏళ్ళ తరబడి నిలబడి నేర్చుకున్నారు.

ఆ ఉద్యోగాన్ని నేను పొగడను. జీతం తక్కువ. పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు. జ్వరమొచ్చి రెండు రోజులు పోకపోతే నెలాఖరుకి ఆ రెండు రోజులూ కోత పడతాయి. ఒడిశాలో 1956లోనే దుకాణాల చట్టం వచ్చింది. కొట్లో పనిచేసేవాళ్ళకి పని గంటలకి హద్దు ఉండాలని, వారానికో రోజు సెలవు ఉండాలని అందులో ఉంది. ఆ చట్టం వచ్చి నా వయసుకి నాలుగు రెట్ల పైన అయింది. అయినా పండగల ముందు నెలలో నాన్నని పగటి వెలుతురులో చూడడం మాకు అరుదు. ఠాకురాణి యాత్ర జరిగే ఏడాది అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. నిలబడి నిలబడి ఆయన కాళ్ళ మీద నరాలు నీలంగా ఉబ్బాయి. కాబట్టి పాత కొట్టు స్వర్గం, కొత్త యాప్ నరకం అని నేను రాస్తే అది అబద్ధం అవుతుంది.

అయితే ఆ కొట్లో నాన్నకి ఒకటి ఉంది. ఆయన అడగగలరు. మా చెల్లికి టైఫాయిడ్ వచ్చినప్పుడు షావుకారు గారిని అడ్వాన్సు అడిగారు. "నెలకో కథ చెబుతావయ్యా నువ్వు" అని ఆయన గొణిగారు. నాన్న ఏమీ అనకుండా పక్కనే నిలబడ్డారు. కాసేపటికి గల్లాపెట్టె తెరుచుకుంది. అది దయ అని నేను అనను, ఎందుకంటే ఆ డబ్బు తరవాత జీతంలో కోసుకున్నారు. కానీ ఒక మనిషి కష్టం ఇంకో మనిషి కంటికి ఆనింది. ఆయన కాదని కూడా అనొచ్చు. అప్పుడు ఆ 'కాదు'ని ఆయన తన నోటితోనే చెప్పాలి, మర్నాడు పొద్దున్న మళ్ళీ నాన్న ముఖం చూడాలి. ఇంకో సంగతి, ఆ షావుకారు గారు కూడా చిన్నప్పుడు వేరే కొట్లో గుమాస్తాయేనట. సరుకు, ధర, మనిషి, మూడింటినీ అంచనా వేయడం అక్కడే నేర్చుకుని తరవాత సొంత కొట్టు పెట్టుకున్నారు. ఆ పని చిన్న నిచ్చెన లాంటిది. మెట్లు విరిగి ఉండొచ్చు, అందరూ పైకి ఎక్కలేకపోవచ్చు, కానీ నిచ్చెనే.

ఇక యాప్ సంగతి. ఇది ఎలా పనిచేస్తుందో మా అన్నయ్య చెబితేనే నాకు పూర్తిగా అర్థమైంది. ఫోన్లో మనం చూసే దుకాణానికి బోర్డు ఉండదు, మెట్లు ఉండవు, కొనేవాళ్ళు లోపలికి వెళ్ళరు. అది ఒక గోదాం. దాన్ని డార్క్ స్టోర్ అంటారు. మనం ఆర్డరు పెట్టగానే లోపల ఒక కుర్రాడి చేతిలోని ఫోన్లో ఏ వరసలో, ఏ అరలో, ఏ గడిలో ఆ వస్తువు ఉందో కనబడుతుంది. అతను పరుగున వెళ్ళి తీసి సంచిలో వేస్తాడు. బయట బండి మీద ఉన్న ఇంకో కుర్రాడికి ఏ దారిన పోవాలో, ఎన్ని నిమిషాల్లో చేరాలో ఫోనే చెబుతుంది. రేపు ఆ పేటలో ఎన్ని పాల ప్యాకెట్లు అమ్ముడుపోతాయో కంప్యూటరు ముందే లెక్క కడుతుంది. ఎవరికి ఆర్డరు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎవరిని పక్కన పెట్టాలి అన్న లెక్కలు కూడా చాలావరకు అదే వేస్తుంది.

మన దేశంలో ఈ వ్యాపారం చాలా తొందరగా పెరిగింది. బిగ్‌బాస్కెట్ 2011లో మొదలైంది. గ్రోఫర్స్ 2013లో వచ్చి, 2021 చివర్లో బ్లింకిట్ అని పేరు మార్చుకుంది. స్విగ్గీ ఇన్‌స్టామార్ట్ 2020లో, జెప్టో 2021లో వచ్చాయి. ముందు మర్నాటికి తెస్తామన్నారు, తరవాత గంటలో అన్నారు, ఆఖరికి పది నిమిషాలన్నారు. 2024లో సరుకుల పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య, ఒక్క ఏడాదిలో దేశంలో దాదాపు 2 లక్షల కిరాణా కొట్లు మూతపడ్డాయని చెప్పింది. అది వ్యాపారుల వైపు నుంచి వచ్చిన లెక్క కాబట్టి ఆ మాట గుర్తుంచుకునే చదవాలి. అందులో సగమే నిజమనుకున్నా, ఒక్కో కొట్టు వెనక ఒకరిద్దరు గుమాస్తాలు, ఒక మోత కూలీ, ఒక రిక్షావాడు ఉంటారు. వాళ్ళని ఏ లెక్కలోనూ విడిగా రాయరు.

ఆటోమేషన్ అనగానే మనకి రోబోలు గుర్తొస్తాయి. అవి నిజంగానే ఉన్నాయి. బ్రిటన్‌లో ఒకాడో అనే సంస్థ గోదాముల్లో చదరంగం బల్లలాంటి పెద్ద చట్రం మీద వందల కొద్దీ యంత్రాలు తిరుగుతూ సరుకుల పెట్టెలు పైకి తీస్తాయి. అదే దేశంలో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో 2018 నుంచి ఆరు చక్రాల చిన్న బండ్లు మనిషి లేకుండానే కాలిబాట మీద వెళ్ళి ఇళ్ళకి సరుకులు ఇస్తున్నాయి. మరి విశాఖలో, హైదరాబాదులో అలాంటివి ఎందుకు లేవు? మా అన్నయ్య నవ్వుతూ చెప్పాడు, "మేం రోబో కంటే చవక కదా చెల్లాయ్."

ఆ మాట నేను చాలా రోజులు ఆలోచించాను. మన దగ్గర యంత్రం చేతుల్ని తీసెయ్యలేదు. మూటలు మోసే చేతులు అలాగే ఉన్నాయి, పైగా ఇంకా తొందరగా కదులుతున్నాయి. యంత్రం తీసేసింది షావుకారుని. అంటే ఆయన గొణుగుడుని, ఆయన గల్లాపెట్టెని, 'సరేలే' అనే ఆయన నోటిని. పని చేసేవాడు మనిషే, పని చెప్పేది మాత్రం మనిషి కాదు. మన వైపు ఆటోమేషన్ అంటే ఇదే అని నాకనిపిస్తుంది.

అన్నయ్య అక్కడ చేరిన కొత్తలో నాన్న కంటే ఎక్కువ సంపాదించాడు. ఇది నేను దాచకూడదు. పండక్కి వచ్చినప్పుడు మామ్మకి చీర తెచ్చాడు, నాకు బూట్లు కొన్నాడు. "ఎవడి కిందా పని కాదు, నచ్చినప్పుడు లాగిన్, నచ్చనప్పుడు లాగౌట్" అన్నాడు. తరవాత ఆర్డరుకి ఇచ్చే డబ్బు తగ్గింది. ఎందుకు తగ్గిందో ఎవరూ చెప్పలేదు, ఒక పొద్దున్న ఫోన్లో కొత్త లెక్క కనబడింది. గోదాం దగ్గర ఉండే సూపర్‌వైజరుని అడిగితే, "నా చేతిలో ఏటుంది బాబూ, అంతా పైనుంచి వస్తది" అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. నిజంగానే ఆయన చేతిలో ఏమీ లేదు.

ఒక వాన రోజున ఎత్తు దిగుతుంటే అన్నయ్య బండి జారింది. మోచెయ్యి గీసుకుపోయింది, గుడ్లు పగిలాయి, ఆర్డరు చేరలేదు. సాయంత్రానికి అతని ఐ.డి. ఆగిపోయింది. సాయం కోసం ఫోన్లో ఉన్న చోట రాశాడు. మీ సమస్య మాకు అర్థమైంది అని వెంటనే జవాబు వచ్చింది. మళ్ళీ రాస్తే మళ్ళీ అదే జవాబు. మూడు రోజుల తరవాత ఐ.డి. దానంతట అదే తెరుచుకుంది. ఎందుకు ఆగిందో తెలియదు, ఎందుకు తెరుచుకుందో కూడా తెలియదు. "నన్ను ఎవడైనా తిట్టినా బాగుండును చెల్లాయ్. తిట్టడానికైనా ఒక్కడూ లేడు" అన్నాడు అన్నయ్య. నాన్న ఆ మాట విని ఏమీ అనలేదు. పళ్ళెంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించారు.

ఇంతవరకు చదివి మీలో కొందరు నాతో వాదానికి రావచ్చు. మా ఇంట్లోనే వచ్చారు, అమ్మ. అమ్మ మాట ఇది: "కొట్టుకి పోయి అరగంట నిలబడేది ఎవరు? నేనే. వచ్చేటప్పుడు రెండు సంచులు మోసేది ఎవరు? నేనే. ఇంటికే వస్తే నా నడుం బాగుపడుద్ది." ఇందులో తప్పేం లేదు. మోకాళ్ళ నొప్పులున్న ముసలివాళ్ళకి, పసిపిల్లల తల్లులకి, పక్షవాతం వచ్చిన భర్తని వదిలి గడప దాటలేని ఆడవాళ్ళకి ఈ యాప్ నిజంగా మేలు చేసింది. ఆ మేలుని కాదనే హక్కు నాకు లేదు.

నా స్నేహితురాలు ఇంకా గట్టి మాట అంది. "మీ నాన్నగారు మంచివారు కాబట్టి నీకు కొట్టు మంచిదిగా కనబడుతోంది. మా మామ్మని ఒకప్పుడు కొట్టు మెట్టు ఎక్కనిచ్చేవారు కాదు. డబ్బులు కింద పెట్టమనేవారు, పొట్లం పైనుంచి వేసేవారు. ఫోనుకి మన కులం తెలీదు. అందరికీ ఒకటే ధర, ఒకటే తూకం." ఈ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఇప్పటికీ అది నిజమనే ఒప్పుకుంటాను. ఎదురుగా మనిషి ఉంటే చాలు, అంతా బాగుంటుంది అనుకోవడం అమాయకత్వం. ఆ మనిషే కాటా మొగ్గేలా చూడొచ్చు, ఆ మనిషే మెట్టు ఎక్కనివ్వకపోవచ్చు.

కానీ ఆమె మామ్మ కథలో ఇంకో సగం కూడా ఉంది, అది కూడా ఆ స్నేహితురాలే చెప్పింది. వాళ్ళ పేటవాళ్ళు ఒకరోజు అందరూ కలిసి ఆ కొట్టు ముందుకి వెళ్ళి, ఇకమీదట సరుకు చేతికి ఇస్తేనే కొంటామని చెప్పారట. కొన్నాళ్ళు ఎవరూ కొనలేదు. తరవాత చేతికి ఇవ్వడం మొదలైంది. అంటే అన్యాయం చేసినవాడికి ఒక గుమ్మం ఉంది, ఆ గుమ్మం ముందు నిలబడి అడగడానికి వీలయింది. నేను కొట్టుని వెనకేసుకురావడం లేదు. ఆ గుమ్మాన్ని వెనకేసుకొస్తున్నాను. మంచి యజమాని ఉండాలని కోరుకోవడం ఒకటి, జవాబు చెప్పాల్సిన యజమాని ఉండాలని అడగడం ఇంకొకటి. మొదటిది మన అదృష్టం, రెండోది మన హక్కు.

మన గంజాం జిల్లాకి ఈ కథ కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు గోపాలపురం రేవు నుంచి మన వైపు కూలీలు ఓడలెక్కి బర్మా వెళ్ళేవారు. రంగూన్ రేవులో మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు. వాళ్ళని తీసుకుపోయేది, అడ్వాన్సు ఇచ్చేది, జీతంలో కోసుకునేది మేస్త్రీ. మేస్త్రీలు చేసిన మోసాలు అన్నీ ఇన్నీ కావు. కానీ మేస్త్రీకి ఒక ఊరుండేది, ఒక ఇల్లుండేది. కూలీవాడి పెళ్ళాం ఆ ఇంటి ముందుకి పోయి, మా ఆయన డబ్బులేవి అని గట్టిగా అరవగలిగేది.

ఇప్పుడు మన జిల్లా నుంచి వేలకి వేలు సూరత్ పోతున్నారు. పవర్‌లూమ్ దగ్గర రాత్రీ పగలూ షిఫ్టులు. జీతం నెలకి కాదు, నేసిన మీటరుకి ఇంత అని. మగ్గం ఆగితే డబ్బు ఆగుతుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఆ మగ్గాలన్నీ ఆగాయి. మే నెలలో రైళ్ళ మీద రైళ్ళు మన వాళ్ళని వెనక్కి తెచ్చాయి. నాన్న కొట్లో ఆ నెలల్లో ఖాతా పుస్తకం రెండోది కట్టాల్సి వచ్చింది. తెలుగులో బాకీయే, ఒడియాలోనూ బాకీయే, ఆ మాటకి తర్జుమా అక్కర్లేకపోయింది. కొందరు ఏడాది తరవాత తీర్చారు, కొందరు ఇంకా తీర్చలేదు. యాప్‌లో కూడా ఇప్పుడు అప్పు ఇస్తారు. కాకపోతే గడువు దాటితే వడ్డీ దానంతట అదే పడుతుంది. ఎవరి మగ్గం ఆగిపోయిందో దానికి అనవసరం.

మీటరుకి ఇంత, ఆర్డరుకి ఇంత. రెండూ ఒకే రకం జీతం. మనిషికి కాకుండా ముక్కకి జీతం. అలాంటి జీతంలో ఆకలి ఎప్పుడూ పనివాడిదే, ఆగిపోయిన గంట నష్టం ఎప్పుడూ పనివాడిదే. మనం మిగుల్చుకున్న పది నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయి? గాలిలోంచి రాలేదు. ఎవరో సిగ్నలు దగ్గర ఆగకుండా పోతే వచ్చాయి, ఎవరో భోజనం మానేస్తే వచ్చాయి.

ఈ విషయంలో మనకి దారి చూపించిన పెద్దమనిషి మన ఊళ్ళోనే పుట్టారు. వరాహగిరి వేంకటగిరి గారు 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారని, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారని మనందరికీ క్విజ్ పోటీల పుణ్యమా అని తెలుసు. అంతకు ముందు ఆయన ఏం చేశారో క్విజ్‌లో అడగరు. మన ఊరి మీదుగా పోయే రైలు మార్గం అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఆ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపిన నాయకుడు ఆయన. తరవాత 1952లో కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల గురించి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చేసింది. అది అన్యాయమని ఆయన మంత్రి పదవి వదులుకున్నారు.

ఆయన గట్టిగా నమ్మిన మాట ఒకటుంది. తగువు వస్తే ఎవరో పైనుంచి తీర్పు చెప్పేదాకా ఆగకుండా, పని ఇచ్చేవాళ్ళూ పని చేసేవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలని. ఆ పద్ధతికి ఆయన పేరు మీదే గిరి విధానం అని పేరు వచ్చింది. ఇప్పుడు ఆయన ఉంటే మా అన్నయ్య తరఫున ఎవరి ఎదురుగా కూర్చుంటారు? అవతలి కుర్చీలో ఎవరుంటారు? సూపర్‌వైజరు నా చేతిలో లేదంటాడు. కంపెనీ, మేము కేవలం యాప్ నడుపుతున్నాం, వీళ్ళు మా ఉద్యోగులు కాదు, భాగస్వాములు అంటుంది. యాప్ ఏమీ అనదు. ఆ ఖాళీ కుర్చీయే ఈ కాలపు అసలు సమస్య అని నా అభిప్రాయం.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం కాదు. 2022లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో మన దేశంలో ఇలాంటి గిగ్ పనివాళ్ళు 77 లక్షలు. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని అంచనా. అంటే నేను చదువు ముగించి పని వెతుక్కునే వయసుకి వచ్చేసరికి, నాతో పాటు చదివినవాళ్ళలో చాలామందికి దొరికే మొదటి పని ఇదే కావచ్చు.

చట్టం కూడా నెమ్మదిగా కదులుతోంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ మొట్టమొదటిసారి గిగ్ పనివాళ్ళని పేరుపెట్టి గుర్తించింది. కంపెనీలు తమ వ్యాపారంలో 1 నుంచి 2 శాతం వీళ్ళ సంక్షేమానికి ఇవ్వాలని అందులో ఉంది. ఆ కోడ్ అమల్లోకి రావడానికి 2025 నవంబరు 21 దాకా పట్టింది. రాజస్థాన్ 2023లో అందరికంటే ముందు వీళ్ళకోసం విడిగా చట్టం చేసింది. కర్ణాటక 2025లో చేసింది. కర్ణాటక చట్టం నాకు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే అది డబ్బు దగ్గరే ఆగలేదు. పనిలోంచి తీసెయ్యాలంటే కారణం చెప్పి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంది, ఫిర్యాదు వినే ఏర్పాటు ఉండాలంది. ఖాళీ కుర్చీలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టే ప్రయత్నం అది. 2025 డిసెంబరు 31న చాలా నగరాల్లో డెలివరీ పనివాళ్ళు సమ్మెకి పిలుపు ఇచ్చింది కూడా అందుకే. పది నిమిషాల హామీ మానెయ్యమన్నారు, ఐ.డి.లు ఇష్టం వచ్చినట్టు ఆపొద్దన్నారు. లాగౌట్ అవడం అంటే వాళ్ళ భాషలో గుమ్మం ముందు నిలబడి అడగడమే.

మరి మన సంగతి? యాప్ తీసేద్దాం, అందరం కొట్టుకే పోదాం అని నేను చెప్పను. అలా చెబితే అమ్మ నడుము నొప్పికి నేను జవాబు చెప్పాలి, అన్నయ్య కిస్తీకి కూడా నేనే జవాబు చెప్పాలి. యంత్రం వచ్చిందని ఏడ్చి ఎవరూ దాన్ని వెనక్కి పంపలేదు. మర మగ్గాలు వచ్చినప్పుడు బరంపురం పట్టు నేసేవాళ్ళ చేతి మగ్గాలు తగ్గాయి, కానీ చేతిపని విలువ తెలిసినవాళ్ళు కొన్నంత కాలం ఆ పని మిగిలింది. 2012లో బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. విలువ తెలిసి కొనేవాళ్ళు ఉంటేనే పని నిలబడుతుందని మన ఊరి పట్టే మనకి నేర్పింది.

నేను అడిగేవి చిన్నవి. రేపటికి చాలే సరుకుని పది నిమిషాల్లో తెమ్మని అడగడం ఎందుకు? ఆలస్యంగా వచ్చిన కుర్రాడికి ఒక్క చుక్క గుర్తు వేసే ముందు, వాన పడుతోందా అని కిటికీలోంచి ఒకసారి చూద్దాం. మనం వేసే ఆ చుక్క అతని రేపటి కూలిని నిర్ణయిస్తుంది, అతను మాత్రం మనకి జవాబు చెప్పలేడు. కొట్లో ఖాతా ఉన్నవాళ్ళం నెల తిరక్కుండా తీర్చేద్దాం. గుమాస్తాకి వారం సెలవు ఇస్తున్నారా అని షావుకారు గారిని అడుగుదాం. మనం కొనేవాళ్ళం కదా, ఆయన మనకి జవాబు చెప్పాలి. టీచర్లు మమ్మల్ని ఏ పరీక్షకి చదివిస్తున్నారో, దానితో పాటు ఒక కార్మికుడికి చట్టంలో ఏ హక్కులున్నాయో కూడా ఒక పీరియడ్ చెబితే బాగుంటుంది. గిరి గారి ఊరి పిల్లలం, ఆ మాత్రం తెలుసుకోవాలి.

ఆఖరుగా నా తోటి విద్యార్థులకి ఒక మాట. మనలో కొందరు బండి ఎక్కుతారు, కొందరు కాటా దగ్గర నిలబడతారు. ఇంకొందరు బాగా చదివి ఆ యాప్ రాసే ఉద్యోగంలోకే పోతారు, మన ఊరి నుంచి ఆ పనికి పోయినవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. ఐ.డి. ఆపేసే ఆ లెక్కని ఆకాశం నుంచి ఎవరూ పంపలేదు. ఎక్కడో ఏ.సి. గదిలో కూర్చుని ఒక మనిషే రాశాడు. రేపు ఆ కుర్చీలో మీరే ఉండొచ్చు. అప్పుడు ఆ లెక్కలో ఒక వరస ఎక్కువ రాయండి: ఒకరి కూలి ఆపే ముందు ఒక మనిషి ఫోన్ చేసి, ఏం జరిగింది బాబూ అని అడగాలి. దానివల్ల సరుకు ఇంటికి చేరడం ఆలస్యం అవదు. వానలో జారిపడినవాడు ఆ సాయంత్రం ఏమైందో చెప్పుకోగలుగుతాడు.

— పదో తరగతి విద్యార్థిని